పూత సీసపు బుల్లెట్
పూత సీసపు బుల్లెట్ అంటే పైన పలుచని పాలిమర్ పొర ఉన్న సీసపు పిస్టల్ బుల్లెట్. కాల్చేసిన ఇత్తడి తొడుగులో కొత్త ప్రైమర్ (మందును రగిలించే భాగం), మందు, బుల్లెట్ అమర్చి తూటాను మళ్లీ తయారుచేయడం రీలోడింగ్. అమెరికాలో పోటీ షూటర్లు పలువురు రాగి తొడుగు బుల్లెట్ల కంటే చవక కాబట్టి రీలోడింగ్‌కు ఈ పూత బుల్లెట్లను వాడతారు.

సీసం మెత్తని లోహం; 327 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. పూత లేని బుల్లెట్ తుపాకీ గొట్టం లోపలి గాడుల్లో సీసం అంటించిపోతుంది. దానికి రాసే మైనపు కందెన పొగ చిమ్ముతుంది. పూత ఈ రెండింటినీ తగ్గిస్తుంది. అమర్చేటప్పుడు తొడుగు అంచు తగిలి పూత గీరుకుపోతే ఆ మేలు దక్కదు. చాలా ప్రైమర్లలోనూ సీసపు సమ్మేళనం ఉంటుంది కనుక, పూత ఉన్నా షూటింగ్ రేంజిలో గాలి ఆడాలి, చేతులు కడుక్కోవాలి.

అయితే అన్ని పిస్టల్ తూటాలనూ ఇలా రీలోడ్ చేయలేం. హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన 25 మీటర్ల పిస్టల్ పోటీలో వాడేది .22 తూటా. దాన్ని పేల్చే మందు తొడుగు అంచులోనే ఉంటుంది కాబట్టి అది సాధారణ రీలోడింగ్‌కు పనికిరాదు.

రీలోడింగ్‌కు చట్టపరమైన హద్దులూ ఉన్నాయి. భారతదేశపు 1959 ఆయుధ చట్టం నిర్వచనంలో తూటా భాగాలు, వాటి తయారీ యంత్రాలు కూడా మందుగుండు కిందికే వస్తాయి. దేశంలో ఎక్కడైనా లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం.