కింద ఓనరు, పై రెండు వాటాలూ అద్దెకు

అద్దె ఇళ్ల మీద డబ్బు పెట్టాలనుకునే కొత్తవాళ్లకు అమెరికాలో ఇప్పుడు ఎవరిని అడిగినా ఒకటే సలహా. రెండు, మూడు, మహా అయితే నాలుగు వాటాలున్న చిన్న ఇల్లు కొనుక్కో, ఒక వాటాలో నువ్వుండు, మిగతావి అద్దెకిచ్చి ఆ డబ్బుతో బ్యాంకు కిస్తీలు కట్టుకో అంటారు. ‘హౌస్ హ్యాకింగ్’ అని దానికో పేరు కూడా పెట్టారు, ఈ తరమే కనిపెట్టిన కిటుకన్నట్టు. బోస్టన్, వూస్టర్, షికాగో నగరాల్లో జనం ఈ పని నూట ముప్పై ఏళ్లకు పైగా చేస్తూనే ఉన్నారు. కింద వాటాలో తాముండి పైవాటా అద్దెకిచ్చుకోవడం మన ఊళ్లలో ఎంత మామూలో అక్కడి కూలి పేటల్లోనూ అంతే మామూలు. ఆ చరిత్రను ఇళ్ల వైపు నుంచి చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. తనఖా పత్రాల వైపు నుంచి చూస్తే వేరే కథ బయటపడుతుంది. అదే ఇల్లు, అదే అద్దె, అదే కష్టం. ఒకడు ఇంటివాడయ్యాడు, ఇంకొకడు వీధిన పడ్డాడు. తేడా ఎక్కడుందని వెతికితే ప్రతిసారీ అప్పు షరతుల దగ్గరే దొరుకుతుంది.

బోస్టన్ ‘ట్రిపుల్ డెక్కర్’ సంగతి చూద్దాం. ఒకదానిమీద ఒకటిగా మూడు వాటాలు పేర్చిన చెక్క ఇల్లు అది. స్థలం ఇరుకు, లోతెక్కువ. వీధివైపు ముందుగది, వెనకాల వంటిల్లు, ముందూ వెనకా ప్రతి అంతస్తుకూ ఒక వసారా. వెనక వసారా నుంచి కప్పీల మీద బట్టల తాళ్లు లాగి ఉండేవి. 1870ల నుంచి 1920ల దాకా న్యూ ఇంగ్లండ్ పారిశ్రామిక పట్టణాల్లో ఇవి వేల సంఖ్యలో లేచాయి. 1889లో బోస్టన్‌లో ట్రాములకు కరెంటు వచ్చాక డార్చెస్టర్, రాక్స్‌బరీ లాంటి శివార్లు పనివాళ్లకు అందుబాటులోకి వచ్చాయి. కట్టినవాళ్లు పెద్ద కంపెనీలు కావు, ఎక్కువమంది చిన్న మేస్త్రీలూ వడ్రంగులూ. ఒకటి కట్టడం, అమ్మడం, వచ్చిన డబ్బుతో పక్క స్థలంలో ఇంకోటి మొదలుపెట్టడం. కొన్నవాళ్లలో ఐరిష్‌వాళ్లు, యూదులు, పోలండువాళ్లు, లిథువేనియావాళ్లు, ఫ్రెంచి కెనడావాళ్లు. ఒక వాటాలో తాము, మరోదానిలో అక్కో తమ్ముడో, మిగిలినదానిలో బయటి అద్దెవాళ్లు.

చేతిలో పెద్దగా డబ్బు లేనివాళ్లకు ఈ ఇళ్లు ఎలా దక్కాయి? మూలం ఇంకా వెనక్కి ఉంది. 1831లో ఫిలడెల్ఫియా దగ్గర ఫ్రాంక్‌ఫర్డ్‌లో ఆక్స్‌ఫర్డ్ ప్రావిడెంట్ అనే సంఘం పెట్టారు. సభ్యులు నెలనెలా కొంత వేస్తారు, పోగైన డబ్బు ఒక్కొక్కరికీ ఇల్లు కొనడానికి అప్పుగా వెళుతుంది. మన చిట్టీల పద్ధతి ఎరిగినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. వాళ్లిచ్చిన తొలి అప్పు 375 డాలర్లు, తీసుకున్నవాడు కామ్లీ రిచ్ అనే వీధి దీపాలు వెలిగించే మనిషి. 1877లో మసాచుసెట్స్ ఇలాంటి సంఘాలకు సహకార బ్యాంకులుగా చట్టబద్ధత ఇచ్చింది. అయితే ఈ సంఘాలు అందరికీ చాలలేదు. ఎక్కువమంది పట్టుకున్నది తనఖా మీద తనఖా పద్ధతి. మొదటి తనఖా కింద ఇంటి ధరలో సగమో కాస్త ఎక్కువో మూడేళ్లకో అయిదేళ్లకో దొరికేది. ఆ గడువంతా వడ్డీ కడితే చాలు, అసలు అలాగే ఉంటుంది. తగ్గినదానికి రెండో తనఖా, దానికి వడ్డీ ఎక్కువ. ఊహకు ఒక లెక్క వేసుకుందాం. ఇంటి ధర 6,000 డాలర్లు. మొదటి అప్పు 3,000, వడ్డీ నూటికి ఏడాదికి 6; రెండో అప్పు 1,500, నూటికి 8. రెండూ కలిపి ఏడాదికి వడ్డీ 300 డాలర్లు. రెండు వాటాల మీద నెలకు ఇరవై చొప్పున ఏడాదికి 480 వస్తుంది. మిగిలిన 180లో పన్ను, నీళ్లు, మరమ్మతులు. కాగితం మీద ఇల్లు తన్ను తాను పోషించుకుంటున్నట్టే ఉంటుంది. గడువు తీరిన రోజున మాత్రం 4,500 డాలర్లూ చెక్కుచెదరకుండా ఎదురుగా నిలుస్తాయి. మంచి రోజుల్లో దాన్నేం పట్టించుకునేవాళ్లు కాదు, నోటు తిరగరాయించుకునేవాళ్లు.

ఈలోగా ఆ ఇళ్ల మీద దాడి ఇంకోవైపు నుంచి వచ్చింది. వలసల కట్టడి సంఘాన్ని 1894లో బోస్టన్‌లో స్థాపించినవాళ్లలో ఒకడైన ప్రెస్కాట్ హాల్ ఈ మూడంతస్తుల ఇళ్ల మీద కూడా కత్తి కట్టాడు. చెక్క ఇళ్లకు నిప్పంటుకునే ప్రమాదం నిజమే, కానీ వలసవాళ్లను ఆపాలన్నవాడే వాళ్లు కొనగల ఇంటిని ఆపాలనడం కాకతాళీయమనుకోలేం. పట్టణాలు ఇలాంటి కట్టడాలను నిషేధించుకోవడానికి 1912లో రాష్ట్రం ఒక చట్టం చేసింది, చాలా శివారు పట్టణాలు దాన్ని వాడుకున్నాయి. అయినా ఆ ఇళ్లలో అప్పటికే ఉన్నవాళ్లను కుదిపేసింది ఆ చట్టం కాదు, 1929 తర్వాతి మాంద్యం. బ్యాంకులు నోటు తిరగరాయడానికి ఒప్పుకోలేదు. అద్దెవాళ్లకు పని లేదు, ఓనరుకూ పని లేదు. 1933 నాటికి దేశంలో రోజుకు సుమారు వెయ్యి ఇళ్లు జప్తు అవుతున్నాయి. ఆ జూన్‌లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్‌ను పెట్టింది. మునుగుతున్న తనఖాలను తీసుకుని 15 ఏళ్ల అప్పుగా మార్చింది. వడ్డీ 5 శాతం, ప్రతి వాయిదాలోనూ కొంత అసలు తీరిపోతుంది. ఇందాకటి లెక్కకే వస్తే, 4,500 డాలర్లకు నెలకు సుమారు 35 డాలర్ల 60 సెంట్లు. అంతకు ముందు వడ్డీ ఒక్కటే నెలకు 25 డాలర్లు. అంటే మరో పదిన్నర డాలర్లు వేసుకుంటే పదిహేనేళ్లలో ఇల్లు సొంతం. రెండు వాటాల అద్దె 40 డాలర్లు ఆ కిస్తీకి సరిపోతుంది. ఇల్లు మారలేదు, అద్దె మారలేదు.

హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్‌ను పెట్టిన చట్టం ‘ఇల్లు’ అంటే ఏమిటో ఒక నిర్వచనం రాసింది. నాలుగు కుటుంబాలకు మించని, యజమాని నివాసంగా ఉన్న, 20,000 డాలర్లు దాటని కట్టడమని. నాలుగు అనే ఆ అంకె మరుసటి ఏడాది నేషనల్ హౌసింగ్ యాక్ట్‌లోకి కూడా వచ్చింది. దాని కింద ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఎఫ్‌హెచ్‌ఏ, ఇంటి ధరలో 80 శాతం దాకా 20 ఏళ్ల అప్పులకు బీమా ఇవ్వసాగింది. 1944లో సైనికుల కోసం వచ్చిన గృహరుణాలూ ఆ అంకె దగ్గరే ఆగాయి. ఇవాళ కొత్త కొనుగోలుదారు నాలుగు వాటాల ఇంటిని సొంతింటి అప్పు మీద కొనగలడు. అయిదో వాటా ఉంటే చాలు, అది వ్యాపార రుణం అయిపోతుంది: గడువు తక్కువ, చేతి నుంచి పెట్టాల్సింది ఎక్కువ, అడిగేది నీ జీతం గురించి కంటే ఇంటి ఆదాయం గురించి. తొంభై ఏళ్ల కిందటి మాంద్యంలో గీసిన గీత మీద ఇప్పటి సలహాలన్నీ నడుస్తున్నాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం రాక మానదు. ఆ వలసవాళ్లు పైకి రావడానికి కారణం వాళ్ల పొదుపూ చెమటే కదా, అప్పు షరతులకు ఇంత పెద్దపీట ఎందుకని. పొదుపు లేనిదే మొదటి అడుగే పడదు, కాదనను. కానీ అదే పొదుపు, అదే చెమట షికాగో నార్త్ లాండేల్‌లో ఏమైందో చూడాలి. అక్కడి ఇటుక, రాతి ‘టూ ఫ్లాట్’ ఇళ్లు కింద ఓనరు, పైన అద్దెవాళ్ల పద్ధతికే కట్టినవి. 1950లలో నల్లజాతివాళ్లు ఆ పేటలోకి వచ్చేసరికి ఎఫ్‌హెచ్‌ఏ అక్కడ బీమా ఇవ్వదు. 1938 నాటి దాని నియమావళి జాతిపరమైన కట్టుబాట్లను బాహాటంగానే సిఫారసు చేసింది. బీమా లేకపోతే బ్యాంకు అప్పు లేదు. మిగిలింది ఒప్పందం మీద కొనడం. నెలనెలా కడుతూ పోవాలి, ఆఖరి డాలరు తీరేదాకా రిజిస్ట్రేషన్ ఉండదు, ఒక్క నెల తప్పితే ఇల్లూ కట్టిన డబ్బూ రెండూ పోతాయి. మిసిసిపీ నుంచి వచ్చిన క్లైడ్ రాస్ 1961లో ఇలా 27,500 డాలర్లకు కొన్న ఇంటిని అమ్మకందారు అంతకు ఆర్నెల్ల ముందు 12,000కే కొన్నాడు. ఇలాంటి కిస్తీల కోసం చాలామంది రెండేసి ఉద్యోగాలు చేశారు, గదులు విడగొట్టి అద్దెవాళ్లను పెంచారు, మరమ్మతులు వాయిదా వేశారు. ఇళ్లు పాడయ్యాక, చూశారా ఈ పేటవాళ్లు ఇళ్లు నిలుపుకోలేరు అన్నారు. 1968లో వాళ్లు కాంట్రాక్ట్ బయర్స్ లీగ్‌గా ఏకమై కిస్తీలు ఆపేసి పోరాడితే కొందరి ఒప్పందాలు మామూలు తనఖాలుగా మారాయి. కష్టపడటం తెలియనివాళ్లు కారు వాళ్లు. ఒప్పందమే అలా రాసి ఉంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. అయితే అప్పులు సులువుగా ఇచ్చేస్తే సరిపోతుందా అని. సరిపోదని బోస్టన్ తన ఖర్చుతోనే నిరూపించింది. 1968లో అక్కడి పొదుపు బ్యాంకులు కలిసి, నల్లజాతి కుటుంబాలకు ఎఫ్‌హెచ్‌ఏ బీమాతో దాదాపు చేతి డబ్బు లేకుండానే అప్పులిస్తామన్నాయి, కానీ తాము గీసిన హద్దు లోపల కొంటేనే. ఆ హద్దులో పడింది ఎక్కువగా యూదులుండే మట్టపాన్ పరిసరాలు. బ్రోకర్లు పాతవాళ్లను భయపెట్టి చవగ్గా అమ్మించి, కొత్తవాళ్లకు ఎక్కువకు అంటగట్టారు. ఇంటి పరీక్షలు నామమాత్రం కావడంతో బాయిలరూ కప్పూ పాడైన ఇళ్లు కొన్నవాళ్ల నెత్తిన పడ్డాయి. చాలా ఇళ్లు జప్తయ్యాయి, 1971లో సెనేట్ ఉపసంఘం బోస్టన్‌కే వచ్చి విచారణ జరిపింది. 2007 తర్వాతి గృహరుణ సంక్షోభంలో మళ్లీ అవే పేటల్లో, అవే ట్రిపుల్ డెక్కర్లలో జప్తు నోటీసులు. తక్కువ చేతి డబ్బు ఒక్కటే అప్పును మంచిది చెయ్యదు. అసలు ఎలా తీరుతుంది, ధరను ఎవరు తేల్చారు, ఒక నెల తప్పితే ఏమవుతుంది అన్నవి కూడా షరతులే. అద్దెవాడి మాట కూడా అనాలి. ఓనరు ఎక్కిన మెట్లలో సగం అద్దెవాడు కట్టినవే. తనూ ఒకనాడు ఓ చిన్న ఇల్లు కొనగలిగిన కాలంలో అది అంతగా నొప్పించలేదు.

ఇప్పుడు ఎఫ్‌హెచ్‌ఏ కింద నాలుగు వాటాల దాకా 3.5 శాతం చేతి డబ్బు చాలు. కానీ మూడు, నాలుగు వాటాల ఇళ్లకు ఒక పరీక్ష ఉంది. మామూలుగా, ఓనరుండే వాటాతో సహా మొత్తం అద్దెలో నూటికి 25 తగ్గించి, మిగిలినది నెల కిస్తీకి సరిపోవాలి. పాత పాఠాలకు తగ్గ షరతే. ధరలు ఆకాశాన్నంటిన బోస్టన్ లాంటి చోట్ల దాన్ని దాటడం కష్టం, అందుకే ట్రిపుల్ డెక్కర్లకు పేరుపడ్డ ఊళ్లోనే అది కొత్తవాడికి అందదు. 2023 నవంబరులో, బ్యాంకుల నుంచి గృహరుణాలు కొనే ఫానీ మే సంస్థ, తాను కొనే అప్పుల్లో ఓనరుండే రెండు వాటాల ఇళ్లకు 15, మూడు నాలుగు వాటాలకు 25 శాతంగా ఉన్న చేతి డబ్బును 5 శాతానికి తగ్గించి ఇంకో దారి తెరిచింది. ఇంతలో మొదటి దారి కొందరికి మూసుకుపోయింది. 2025 మే 25 నుంచి శాశ్వత నివాస హోదా లేని విదేశీయులకు ఎఫ్‌హెచ్‌ఏ బీమా లేదు. హెచ్-1బి మీద పదేళ్లుగా పన్నులు కడుతూ గ్రీన్ కార్డు కోసం వరసలో ఉన్న తెలుగు ఇంజనీరు ఇవాళ న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో రెండు వాటాల ఇల్లు చూసుకుంటే, అతను ఫానీ మే లాంటి సంప్రదాయ రుణం వైపే వెళ్లాలి. వీసా గడువు కాగితాలు, క్రెడిట్ స్కోరు, 5 శాతం చేతి డబ్బు పట్టుకుని.