కొల్లేటి నడుమ కోట

కొల్లేటికోట అను పేరు వినగానే బురుజులును, లోతైన కందకమును మనకు స్ఫురించును. అచ్చట సరస్సే కందకము. కృష్ణా గోదావరీ డెల్టాల నడిమి పల్లమున బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మున్నగు ఏరులు తెచ్చిన నీరు నిలిచి కొల్లేరైనది. నిండిన నీరు ఉప్పుటేటి మీదుగా సముద్రమును చేరును. ఈ మంచినీటి నడుమ మెరకలపై వెలసిన ఊళ్లను లంకలందురు. నేటి ఏలూరు జిల్లా కైకలూరు మండలములోని కొల్లేటికోట అట్టి ఊరు.

634వ సంవత్సరపు ఐహోళె శాసనమున రవికీర్తి, రెండవ పులకేశి దండయాత్రలను కీర్తించుచు, కునాల జలము హతుల నెత్తుట ఎర్రబారెనని వర్ణించెను. ఆ కునాలము కొల్లేరేయని చరిత్రకారులు పలువురి మతము.

గజపతుల కాలపు కోటను గూర్చి ఒక జనశ్రుతి కలదు. నడినీటిలోని కోటను పట్టలేక, ఒడ్డున చిగురుకోట వద్ద విడిసిన సేనాని, నీరు సముద్రములోనికి దిగిపోవునట్లు ఉప్పుటేరు త్రవ్వింప బూనెనట. పని నెరవేరుటకై కన్నకూతురినే బలియిచ్చెననియు, ఆ కాలువకు పేరంటాల కనుమ అను పేరు అందుచేతనే వచ్చెననియు చెప్పుదురు. అంతటి యేటిని ఒక ముట్టడిలో త్రవ్వించిరనుట మాకు నమ్మశక్యముగా లేదు. అయినను ఈ దీవికి నీరే ప్రాకారమని కథ కట్టినవారు బాగుగా ఎరుగుదురు.

కోట పోయినది, పెద్దింట్లమ్మ నిలిచినది. ఫాల్గుణ మాసపు జాతరకు చుట్టుప్రక్కల జనమెల్ల తరలివత్తురు. తాటిదోనెలపై తిరుగుచు, వలలతోను మావులతోను కొర్రమీనును, జెల్లను పట్టుట లంకవాసుల పాతవృత్తి. వారికి పోటీదారు గూడబాతు, అనగా పెలికాన్ పక్షి. ముక్కు క్రింది తోలుసంచిని వలవలె ముంచి చేపలను తోడుకొనును. ఆటపాక వద్ద అటవీశాఖ నిలిపిన ఇనుప మంచెలపై ఇవి గుంపులుగా గూళ్లు కట్టుచున్నవి.

1976 తరువాత చేపల చెరువుల గట్లు సరస్సును ముక్కలు చేసినవి. 1999లో కొల్లేరు అభయారణ్యమైనది. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కినది. 2006లో ప్రభుత్వము గట్లను కొట్టించినది. పక్షులకు నీరు మిగిలెను గాని, చెరువులపై బ్రతుకుచున్న పేదల జీవనమునకు ఆ పూట దిక్కు లేకపోయినది. ఈ రెంటిలో ఒకటి మాత్రమే చెప్పువారి మాటను మేము సగమే వినుచుందుము. గట్లు మరల లేచినవి.

2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేటి వరద కొల్లేటికే దిగినది. లంకల దారులు మునుగగా, ఊరు దాటుటకు పడవయే మరల ఆధారమైనది.