మామిడి తోట, మాగాణి, నగరం: విజయవాడ–నూజివీడు ఉష్ణ చరిత్రలో పోలిక సమస్య

నగరపు వేడిమిని పల్లె వేడిమితో పోల్చే పద్ధతి కొత్తది కాదు. లండన్ రాత్రివేళ చుట్టుపక్కల పల్లెలకంటే వెచ్చగా ఉంటుందని ల్యూక్ హోవర్డ్ రెండు శతాబ్దాల క్రితమే లెక్కలతో చూపాడు. కృష్ణాతీరానికి ఈ పోలికను అన్వయించేటప్పుడు మాత్రం, పల్లె అంటే ఏ నేల అన్నది ముందుగా తేల్చుకోవాలి.

1901లో బెజవాడ జనాభా సుమారు 24 వేలు. 2011 నాటికి విజయవాడ నగరపాలక సంస్థ పరిధిలో అది పది లక్షలు దాటింది. నగరానికి తూర్పున డెల్టా మాగాణి. ఈశాన్యాన ఆగిరిపల్లి దాటితే నూజివీడు మెట్ట, మామిడి తోటలు. వేసవిలో కాలువలు కట్టివేశాక పైరులేని మాగాణి బీటలువారి, పగటివేళ సిమెంటు కప్పులకు దీటుగా కాగుతుంది. దాని పక్కన నగరం అంత వేడిగా కనిపించదు. అదే మే నెలలో చిన్నరసాల తోట పచ్చగానే ఉంటుంది. లోతుకు దిగిన వేళ్లు నీటిని అందుకుంటాయి. ఆకులనుండి ఆవిరయ్యే ఆ నీరే వేడిని హరిస్తుంది. కనుక ఎకరం మాగాణి ప్లాట్లుగా మారడమూ, ఎకరం తోట ప్లాట్లుగా మారడమూ ఒకటి కావు. తోట పోయినచోట పగలూ రాత్రీ రెండూ వేడెక్కుతాయి. మాగాణి పోయినచోట మార్పు ప్రధానంగా రాత్రిదే, గోడలు పగటి వేడిని ఆలస్యంగా వదులుతాయి గనుక.

ఆధారాలకూ పరిమితులున్నాయి. 1984లో ప్రయోగించిన లాండ్‌శాట్-5 ఉష్ణచిత్రంలో ఒక్కో గడి 120 మీటర్లు, అనగా దాదాపు మూడున్నర ఎకరాలు. చిన్న రైతు తోట అందులో పక్క బీడుతో కలిసిపోతుంది. పైగా అది పూర్వాహ్ణ చిత్రమే. గన్నవరం వాతావరణ కేంద్రం రాత్రి ఉష్ణోగ్రతనూ నమోదు చేస్తుంది గాని, అది గాలిది, నేలది కాదు.