పరుగు కోసం పుట్టిన బ్రా

1970ల్లో అమెరికాలో జాగింగ్ ఊపందుకుంది. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టంతో స్కూళ్లలో, కాలేజీల్లో అమ్మాయిలకు ఆటల తలుపులు తెరుచుకున్నాయి. తీరా మైదానంలోకి వచ్చాక వాళ్లకు రోజూ వేసుకునే బ్రాయే దిక్కయింది. పరుగెత్తితే పట్టీలు భుజాల మీంచి జారేవి, హుక్కులు గుచ్చుకునేవి, కుట్లు ఒరుసుకుని చర్మం మండేది.

వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో ఉండే లీసా లిండాల్‌కు మూర్ఛవ్యాధి ఉంది, పరుగంటే ప్రాణం. 1977లో ఓ రోజు లీసా, ఆమె సోదరి ఫోన్‌లో ఈ బాధే చెప్పుకున్నారు. మగ ఆటగాళ్లకు జాక్‌స్ట్రాప్ ఉంది కదా, మనకు అలాంటిదెందుకు లేదన్న మాట అక్కడే పుట్టింది. జాక్‌స్ట్రాప్ అంటే మన పహిల్వాన్ల లంగోటా లాంటిది. లీసా చిన్ననాటి స్నేహితురాలు పాలీ స్మిత్ ఆ వేసవిలో వెర్మాంట్ విశ్వవిద్యాలయం షేక్‌స్పియర్ నాటకోత్సవానికి దుస్తులు తయారు చేస్తోంది. ఆమె సహాయకురాలు హిండా ష్రైబర్. పెళ్లయ్యాక హిండా మిల్లర్ అయింది.

ముగ్గురూ కలిసి పనిలోకి దిగారు. మొదట కుట్టినవేవీ కుదరలేదు. ఇంతలో లీసా భర్త తన జాక్‌స్ట్రాప్‌ను ఛాతీకి తగిలించుకుని నవ్విస్తూ వచ్చాడు. లీసా దాన్ని తీసుకుని తనే వేసుకుని చూసింది. హిండా వెళ్లి రెండు కొనుక్కొచ్చింది, పాలీ వాటిని విప్పి ఒక్కటిగా కుట్టింది. నడుముకుండే వెడల్పాటి ఎలాస్టిక్ రొమ్ముల కింద పట్టీ అయింది. భుజాల పట్టీలు వీపు మీద అడ్డంగా కలుసుకున్నాయి. కుట్లు ఒంటికి తగలకుండా బయటికి తిప్పారు. అది వేసుకుని లీసా పరుగెత్తుతుంటే, ఎంత కదులుతోందో చూడటానికి హిండా ఆమె ముందు వెనక్కి పరుగెత్తింది. కాగితం మీది కొలతలను కాక పరుగునే నమ్మిన ఆ పరీక్షే ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైనది.

దానికి జాగ్‌బ్రా అని పేరు పెట్టి, లోదుస్తుల కొట్లను వదిలి క్రీడాసామగ్రి దుకాణాలకు పట్టుకెళ్లారు. 1979 నవంబర్ 20న పేటెంట్ వచ్చింది. 1990లో కంపెనీని ప్లేటెక్స్ కొనుక్కుంది. 1999 మహిళల ప్రపంచ కప్ ఫుట్‌బాల్ ఫైనల్లో గెలుపు గోల్ కొట్టిన అమెరికా క్రీడాకారిణి బ్రాండీ చాస్టెయిన్ జెర్సీ విప్పి స్పోర్ట్స్ బ్రాతో మోకరిల్లిన ఫొటో ప్రపంచమంతా చూసింది. 2022లో ఆ ముగ్గురికీ అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ మందిరంలో చోటు దక్కింది.

ఇంతకీ ఈ బ్రా ఎందుకంటే, రొమ్ములో కండరం ఉండదు. చర్మమూ, లోపలి సన్నని కూపర్ లిగమెంట్లే దాన్ని పట్టి ఉంచుతాయి. పరుగులో అది పైకీ కిందికే కాదు, పక్కలకీ ముందువెనకలకీ కదులుతుంది. అందుకే బిగుతుగా అదిమిపెట్టడం ఒక్కటే మందు కాదు. చిన్న సైజులకు అదిమిపట్టే రకం చాలు. పెద్ద సైజులకు రెండు కప్పులు విడివిడిగా ఉన్నది హాయి. భారం ఎక్కువగా మోయాల్సింది కింది పట్టీ. చేతులు పైకెత్తినా అది కదలకూడదు, నిండుగా ఊపిరి పీల్చినా నొక్కకూడదు. ఎలాస్టిక్ సాగిపోయిందా, మార్చేయండి.

ట్రయల్ రూమ్‌లో అద్దం ముందు నిలబడి సరిపెట్టుకోవద్దు. ఉన్నచోటే గెంతండి, నాలుగడుగులు పరుగెత్తండి. అమ్మాయిని కబడ్డీకో బ్యాడ్మింటన్‌కో పంపే తల్లిదండ్రులూ, బూట్లు కొనే రోజే ఇదీ కొనండి.