సాలవృక్షం కింది పుట్టగొడుగు: దక్షిణ కోసల వంటింట ఒక బౌద్ధ ప్రశ్న

మహాపరినిబ్బాన సుత్తంలో పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేని పదం ఒకటి ఉంది. పావా నగరంలో కమ్మరి కుమారుడైన చుందుడు బుద్ధ భగవానునికి వడ్డించిన చివరి భోజనంలోని ప్రధాన వంటకం పేరు అది: సూకరమద్దవం. సూకరం అంటే పంది. మద్దవం అంటే మృదుత్వం, మెత్తనిది. ఈ రెండు మాటల కలయికకు అర్థం పంది మాంసమా, పందికి ఇష్టమైన మెత్తని పదార్థమా, పందులు తొక్కిన నేలలో పుట్టినదా అన్న చర్చ అట్ఠకథల కాలం నుంచీ సాగుతోంది. భిక్షువు పాత్రలో మాంసానికి చోటు ఉందా లేదా అన్న వివాదం వచ్చినప్పుడల్లా ఉభయపక్షాలూ ఈ పదాన్నే సాక్ష్యానికి పిలుస్తాయి. రాయ్‌పూర్ పరిసరాల, అంటే ప్రాచీన దక్షిణ కోసల సీమలోని వానాకాలపు వంటిల్లు ఈ చర్చకు తీర్పు చెప్పలేదు. కాని గ్రంథాలలో పొడిమాటలుగా మిగిలిన కొన్ని పదాలకు అది రూపమూ రుచీ ఇవ్వగలదు.

ముందుగా అట్ఠకథల సాక్ష్యం. బుద్ధఘోషుడు దీఘనికాయ వ్యాఖ్యలో మరీ లేతదీ మరీ ముదురుదీ కాని పంది మాంసమన్న అర్థాన్ని చెప్పాడు. ఉదాన వ్యాఖ్యాత ధమ్మపాలుడు ఆ అర్థాన్ని పేర్కొంటూనే ఇతరుల మతాలను కూడా నమోదు చేశాడు. కొందరి ప్రకారం అది పందులు తొక్కిన వెదురు మొలక, అంటే వంసకళీరం. మరికొందరి ప్రకారం పందులు తొక్కిన చోట మొలచిన అహిచ్ఛత్తకం, అంటే పుట్టగొడుగు. అదొక రసాయన యోగమన్న మతం కూడా ఉంది. చీనా సంప్రదాయం ఇంకా స్పష్టంగా ఒకవైపు మొగ్గింది. క్రీ.శ. 413 నాటికి బుద్ధయశుడు, ఝు ఫోనియన్ కలిసి అనువదించిన దీర్ఘాగమంలో చుందుడు వడ్డించినది చందన వృక్షపు చెవి. చెట్టు చెవి అంటే చీనా భాషలో మాను మీద పుట్టే శిలీంధ్రం. అంటే శాకాహార పక్షపు అర్థం ఆధునికుల కల్పన కాదు. కనీసం పదిహేను శతాబ్దాల వెనుకటిది.

ఇప్పుడు ఛత్తీస్‌గఢ్ సంతకు రావాలి. ఆషాఢంలో తొలి వానలు పడి, ఉరుములు ఉరిమి, మళ్లీ ఎండ కాయగానే రాయ్‌పూర్ కూరగాయల బజారులలో రెండు అడవి సరుకులు కనిపిస్తాయి. ఒకటి కరీల్, అంటే లేత వెదురు మొలక; మన్యం తెలుగువారి వెదురు కొమ్ములు. రెండవది పుటు. ఛత్తీస్‌గఢీలో పుటు, ఫుటు అన్నది పుట్టగొడుగులన్నిటికీ సామాన్య నామం. వరిగడ్డి మీద వచ్చేది పైరా పుటు. సాలవృక్షాల, అంటే తెలుగువారి గుగ్గిలపు చెట్ల కింద నేలలో గుండ్రంగా గోలీల వలె పుట్టేదాన్ని బస్తర్ వైపు బోడా అంటారు. ధమ్మపాలుడు పక్కపక్కన పేర్కొన్న రెండు శాకార్థాలు, వెదురు మొలకా పుట్టగొడుగూ, ఇక్కడ ఒకే ఋతువులో ఒకే గంపలో పక్కపక్కన వస్తాయి. పాళీ కళీరం, సంస్కృత కరీరం, ఛత్తీస్‌గఢీ కరీల్ ఒకే పదానికి రూపాలు. వ్యాఖ్యాత వాడిన మాట నేటికీ సంతలో తూకానికి పలుకుతోంది.

అహిచ్ఛత్తకం అంటే పాము గొడుగు. తెలుగులో అదే వస్తువు పుట్ట గొడుగు. చెదలు కట్టిన పుట్టలో పాము చేరుతుంది, ఆ పుట్ట మీదనే వానాకాలంలో గొడుగు విచ్చుకుంటుంది. రెండు భాషలూ ఒకే దృశ్యాన్ని చూసి రెండు కొసల నుంచి పేరు పెట్టాయి. అయితే ఛత్తీస్‌గఢీ పుటుకూ తెలుగు పుట్టకూ ధ్వనిసామ్యాన్ని పట్టుకొని చుట్టరికం కలపడం తొందరపాటు. పుటు మాటకు దగ్గరగా నిలిచేది సంతాలీ భాషలోని పుట్కా. అమెరికా పరిశోధకుడు గోర్డన్ వాసన్ 1982లో ప్రచురించిన వ్యాసంలో ఈ పుట్కాను వైదిక వాఙ్మయంలో సోమలతకు ప్రత్యామ్నాయంగా చెప్పిన పూతీకంతో జోడించి, చుందుని వంటకం అదేనని వాదించాడు. అంతకుముందు 1975లో స్టెల్లా క్రామ్రిష్ ప్రవర్గ్య యాగపు మహావీర పాత్రను గురించి రాస్తూ పూతీకాన్ని పుట్టగొడుగుగా గుర్తించింది. వాసన్ నమోదు చేసిన ఒక విశేషం ప్రత్యేకంగా చెప్పదగినది. సంతాలీ వ్యాకరణం నామాలను ప్రాణమున్నవి, లేనివి అని విభజిస్తుంది. మొక్కలు, ఇతర పుట్టగొడుగులు ప్రాణం లేని వర్గానికి చెందగా పుట్కా ఒక్కటి ప్రాణమున్న వర్గంలో చేరుతుంది.

ఈ విశేషం వినయ చర్చకు నేరుగా తగులుతుంది. పాచిత్తియ నియమాలలో పదకొండవది భిక్షువు వృక్షజాలాన్ని నాశనం చేయరాదంటుంది. వేరు, కాండం, కణుపు, కొన, విత్తనం అనే అయిదు విధాల బీజాల నుంచి పుట్టేది వృక్షజాలం. పుట్టగొడుగుకు ఈ అయిదింటిలో ఏదీ లేదు. అందుకే సమంతపాసాదిక దాన్ని విడిగా విచారించింది. మొగ్గగా ఉన్నంతకాలం పుట్టగొడుగును తుంచితే దుక్కటం; విచ్చుకున్న తరువాత దోషం లెక్కకు రాదు; పచ్చి మాను మీది దాన్ని పెకలిస్తే బెరడు దెబ్బతింటుంది కనుక పాచిత్తియం. ఇప్పుడు వంటింటి వైపు చూడాలి. బోడాను తినేది లోపలి గుజ్జు తెల్లగా, మొగ్గదశలో ఉన్నంత వరకే. ముదిరి లోపల నల్లబడితే అది కూరకు పనికిరాదు. అంటే వంటకు యోగ్యమైన దశ, వినయం ప్రకారం భిక్షువు చేయి పెట్టరాని దశ ఒక్కటే. అడవికి వెళ్లి ఏరేది, కడిగేది, వండేది గృహస్థురాలే కావాలి.

వంట విషయంలోనూ నియమం అదే. ఆరామం లోపల నిలవ ఉంచినది, లోపల వండినది, భిక్షువు స్వయంగా వండినది భుజించరాదని మహావగ్గం చెబుతుంది. కనుక సంఘపు ఆహార చరిత్ర అంటే పరోక్షంగా చుట్టుపక్కల ఇళ్ల వంటల చరిత్రే. రాయ్‌పూర్‌కు తూర్పున సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, మహానది ఒడ్డున ఉన్న సిర్‌పూర్ దీనికి శిలాసాక్ష్యం ఇస్తుంది. ఇదే పాండువంశీయుల శ్రీపురం. 1950ల మధ్యలో ఎం.జి. దీక్షిత్ జరిపిన తవ్వకాలలో ఇక్కడ బౌద్ధ విహారాలు బయటపడ్డాయి. మహాశివగుప్త బాలార్జునుని కాలపు శాసనమొకటి ఆనందప్రభుడనే భిక్షువు విహార కుటిని కట్టించి, అక్కడి భిక్షువుల కోసం అన్నసత్రం నెలకొల్పినట్టు చెబుతుంది. రాజు పరమమాహేశ్వరుడు, అయినా ఆయన మల్లార్ తామ్రశాసనం భిక్షుసంఘానికి గ్రామదానాన్ని నమోదు చేస్తుంది. సత్రంలో పొయ్యి ముందు కూర్చున్నవారి పేర్లను ఏ శాసనమూ చెప్పదు. కాని భిక్షువు వండరాదన్న నియమం ఉన్నచోట ఆ చేతులు ఈ నేల మనుషులవే అయి ఉండాలి, వారు ఎరిగిన ఆకులే ఆ కుండలో పడి ఉండాలి.

క్రీ.శ. 639 ప్రాంతంలో కోసలకు వచ్చిన యువాన్ చ్వాంగ్ అక్కడ నూరు సంఘారామాలు, పదివేలకు కొంచెం తక్కువగా భిక్షువులు ఉన్నారని, వారందరూ మహాయానీయులని రాశాడు. ఆయన చూసిన రాజధాని సిర్‌పూరేనా అన్న విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి. అక్కడి నుంచి దక్షిణంగా మహారణ్యం గుండా తొమ్మిది వందల లీలకు పైగా నడిచి ఆయన ఆంధ్రదేశానికి, వేంగికి చేరాడు. నాగార్జునుని కోసం సాతవాహన రాజు కొండను తొలిపించి విహారం కట్టించిన కథను ఆయన కోసల ప్రకరణంలోనే చెప్పాడు. కోసలాంధ్రాలను కలిపిన ఆ అడవి దారి భిక్షువులకూ కొత్తది కాదు, ఆకుకూరలకూ కొత్తది కాదు. తెలుగువారి గోంగూర రాయ్‌పూర్ బజారులో అమారీ భాజీ పేరుతో పలుకుతుంది. చద్దన్నానికి అక్కడ బాసీ అని పేరు.

మహాయాన సంఘం మాంసాన్ని విడిచిన తీరు కూడా యువాన్ చ్వాంగ్ జీవితంలోనే కనిపిస్తుంది. కుచా రాజు విందులో త్రికోటి పరిశుద్ధ మాంసాన్ని, అంటే తనకోసం చంపినట్టు చూడని, వినని, అనుమానించని మాంసాన్ని వడ్డించగా ఆయన స్వీకరించలేదు. పాళీ వినయంలో బుద్ధుడు ఆ త్రికోటి నియమాన్ని చాలునన్నాడు. మత్స్యమాంసాలను సంపూర్ణంగా నిషేధించాలన్న దేవదత్తుని కోరికను తోసిపుచ్చాడు. లంకావతార సూత్రం ఆ సడలింపును తొలగించింది. ఒక తరం తరువాత భారతదేశానికి వచ్చిన ఇత్సింగ్ ఇక్కడి సంఘపు భోజనక్రమాన్ని వర్ణిస్తూ, మొదట అల్లం ముక్కలు, ఉప్పు వడ్డిస్తారని, కూరలను పచ్చిగా తినక బాగా ఉడికించి ఇంగువ, నెయ్యి, నూనె వంటివి కలుపుతారని, ఉల్లి జాతిని తినరని రాశాడు.

శాకాహారమంతా ఒకటే కాదని పుట్టగొడుగు చరిత్ర గుర్తు చేస్తుంది. మనుస్మృతి అయిదవ అధ్యాయం ద్విజులకు వెల్లుల్లి, ఉల్లితో పాటు పుట్టగొడుగును నిషేధించింది. అంతేకాక దాన్ని ఊరపందితో ఒకే జాబితాలో చేర్చి, తెలిసి తింటే పాతిత్యమని చెప్పింది. అంటే చుందుని వంటకానికి పంది అన్న అర్థం తీసుకున్నా పుట్టగొడుగు అన్న అర్థం తీసుకున్నా, ఆ స్మృతి దృష్టిలో అది వర్జ్యమే. కమ్మరి ఇంట కూర్చొని ఆ వంటను స్వీకరించిన శ్రమణుడు రెండు విధాలా వర్ణధర్మపు గీతను దాటినట్టే. ఛత్తీస్‌గఢ్‌లోనే మరోవిధమైన గీత కూడా గీయబడింది. గిరౌద్‌పురిలో 1756లో జన్మించిన గురు ఘాసీదాస్ అంటరానివారిగా చూడబడిన జనంలో సత్‌నామీ మార్గాన్ని స్థాపించి, మద్యమాంసాలతో పాటు రక్తవర్ణాన్ని తలపించే టమాటా, మిరప, ఎర్రపప్పు వంటి వాటిని, వంకాయను కూడా విడిచిపెట్టమన్నాడు. స్మృతి ఆహార నియమంతో మనుషులను దూరం పెట్టింది. ఘాసీదాస్ ఆహార నియమంతోనే ఆ మనుషులకు గౌరవాన్ని నిలబెట్టాడు. నియమం ఎవరి చేతిలో ఉన్నదన్నది అది నిషేధించే వస్తువు కంటే ముఖ్యమని ఈ రెండు ఉదాహరణలు చెబుతాయి.

తిరిగి చుందుని వద్దకు వస్తే ఋతువు సమస్య ఎదురవుతుంది. థేరవాద సంప్రదాయం ప్రకారం పరినిర్వాణం వైశాఖ పూర్ణిమనాడు. అప్పటికి వానలు లేవు, తాజా పుట్టగొడుగు దొరకదు. కాని సర్వాస్తివాదులు దాన్ని కార్తికంలో చెబుతారని యువాన్ చ్వాంగ్ నమోదు చేశాడు. సుత్తంలో కూడా బేలువ గ్రామపు వర్షావాసం తరువాతనే అంతిమయాత్ర మొదలవుతుంది. కుశీనగరంలో జంట సాలవృక్షాలు అకాలంలో పూశాయన్న వాక్యమూ ఆలోచింపదగినదే. సాలం సహజంగా పూచేది వసంతంలో. అది అకాలమైతే ఆ రోజులు వసంతానికి దూరం. ఇది పుట్టగొడుగు పక్షానికి నిరూపణ కాదు, దాని దారిలోని ఒక అడ్డంకిని తొలగించడం మాత్రమే.

అడవి పుట్టగొడుగును వండేవారందరూ ఎరిగిన భయం ఒకటుంది. మంచిదానికీ విషపుదానికీ తేడా కన్నుతో, వాసనతో, అమ్మమ్మ మాటతో తెలియాలి. ఒకసారి తప్పితే దిద్దుబాటు లేదు. అందుకే తొలి వారాలలో కిలో వెయ్యి రూపాయలు దాటే బోడాను సైతం కొనేవారు అమ్మే స్త్రీ ముఖాన్ని, ఆమె ఊరిని నమ్మి కొంటారు. సుత్తంలోని తరువాతి ఘట్టాన్ని ఈ నేపథ్యంలో చదవాలి. బుద్ధుడు సూకరమద్దవాన్ని తనకొక్కనికే వడ్డించమన్నాడు. మిగిలినదాన్ని గోతిలో పూడ్పించాడు. ఆ తరువాత రక్తాతిసారం పట్టుకుంది. వడ్డించిన చేయి ఇక జీవితాంతం తనను తాను నిందించుకుంటుందని ఆయన ముందే గ్రహించాడు. కుశీనగరపు దారిలో ఆనందునితో చుందుని మనస్తాపాన్ని పోగొట్టమని చెప్పాడు. సంబోధికి ముందు స్వీకరించిన భిక్ష, పరినిర్వాణానికి ముందు స్వీకరించిన భిక్ష, ఈ రెండూ సమాన ఫలం గలవని, ఇతర భిక్షలన్నిటికంటే గొప్పవని అతనికి తెలియజేయమన్నాడు.

కుండలో ఉన్నది ఏమిటో సుత్తం తేల్చలేదు. వండినవాడు దోషి కాడని మాత్రం తేల్చింది. వినయధరులు పదార్థాన్ని గురించి ఎంత వాదించినా, పావాలోని ఆ కమ్మరి ఇంటికి పరినిర్వాణ శయ్యకు వెళ్లే దారి నుంచే ఆ కబురు బయలుదేరింది.