తొలి నూనె: కొత్త ఇంజను సంస్కారమునకు పుట్టుపూర్వోత్తరములు

దూరప్రయాణములకని కొన్న కొత్త మోటారుసైకిలు తాళపుచెవిని చేతికిచ్చునప్పుడు షోరూమువారు చెప్పు మాటలు రెండు. మొదటి వేయి కిలోమీటర్ల వరకు బండిని తొందరపెట్టవద్దనునది ఒకటి. అయిదువందలకో వేయికో తొలి సర్వీసునకు వచ్చి ఇంజనాయిలు తప్పక మార్పించుకొమ్మనునది రెండవది. లక్షలు వెచ్చించి బండిని కొని, లదాఖునకో కన్యాకుమారికో ఎప్పుడు బయలుదేరుదునా యని త్వరపడుచున్నవాడు ఈ రెండు మాటలను వినీ విననట్లు ఊరకుండుట కద్దు. కాని వీని వెనుక నూటయేబది యేండ్లకు మించిన చరిత్ర కలదు. రైలుబండ్ల ఇరుసులయందును, ఆవిరియంత్రముల పిస్టనులయందును మొదలైన ఆ కథ నేటి టూరింగు బండి అడుగున నల్లబడి కారు నూనెవరకు ఎడతెగక సాగి వచ్చినది. దానిని ఎరిగినవాడు ఈ నియమమును భయముచేతగాక, వివేకముచేత పాటించును.

మొదట రింగు సంగతి. ఆవిరియంత్రముల తొలినాళ్ళలో పిస్టనునకు సిలిండరు గోడకు నడుమ సందును నారపోగులు కుక్కి మూసెడివారు. అవి తరచుగా మాడిపోవుటయు, అరిగిపోవుటయు, ఆవిరి జారిపోవుటయు నిత్యకృత్యముగా నుండెను. 1850ల దశకమున జాన్ రామ్స్‌బాటమ్ అను ఆంగ్ల రైలుయంత్ర నిపుణుడు ఒకచోట తెగియుండు లోహపు రింగును కల్పించెను. అది తన బిగువుచేతనే వెలుపలికి సాగి సిలిండరు గోడను ఒరసికొని నిలుచును. నేటికిని ప్రతి పెట్రోలు ఇంజనులోను ఉన్నది ఆ రింగే. అయితే దానితో ఒక కొత్త అవసరము పుట్టినది. రింగును, గోడను ఎంత శ్రద్ధతో తీర్చినను, సూక్ష్మదర్శినిలో చూచినచో రెంటియందును మిట్టలు, పల్లములు కనబడును. ఒకదాని మిట్టలు మరియొకదాని మిట్టలను కొంత అరగదీసి, రెండును పరస్పరము ఒదిగిన తరువాతగాని వాయువు జారకుండ మూత పడదు. ఈ ఒదుగుబాటును ఏ పనిముట్టుచేతను ముందుగా సంపూర్ణముగా సాధింపజాలము. ఆ రింగు ఆ గోడపైననే నడచి దానిని సాధింపవలెను. మన మెకానిక్కులు కొత్త బండి ఇంకను టైటుగా నున్నదనియు, కొంత తిరిగిన పిదప ఫ్రీ యైనదనియు చెప్పు మాటలలోని అర్థమిదియే.

ఈ అరుగుదలను అదుపులో నుంచునది నూనె. నూనె జారుడుగా నుండుటవలననే లోహము అరగకుండునని లోకము చిరకాలము భావించినది. 1883లో ఇంగ్లండునందు మెకానికల్ ఇంజనీర్ల సంఘము పనుపున రైలు ఇరుసుల బేరింగులపై ప్రయోగములు చేయుచున్న బీచమ్ టవర్, నూనె పోయుటకని బేరింగు పైభాగమున ఒక రంధ్రము తొలిపించెను. యంత్రము తిరుగునప్పుడు నూనె ఆ రంధ్రములోనికి దిగుటకు మారుగా పైకి ఉబికి వచ్చెను. ఆయన దానిని బెండుతో మూసెను, బెండు ఎగిరిపోయెను. కొయ్యమేకు బిగించెను, మేకును క్రమముగా పైకి నెట్టబడెను. తిరుగుచున్న ఇరుసు తానే నూనెను ఈడ్చుకొనిపోయి, తనపై పడు భారమంతయు మోయదగిన ఒత్తిడిని పుట్టించుచున్నదనియు, లోహము లోహమును తాకక నూనెపొరపై తేలుచున్నదనియు ఆ చిన్న మేకువలన లోకమునకు తెలిసెను. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దానికి గణితసిద్ధాంతమును కూర్చెను. కొత్త ఇంజను విషయమున చిక్కు ఇచ్చటనే యున్నది. పొర మిక్కిలి పలుచనిది. కొత్త లోహపు మిట్టలు దానిని చీల్చుకొని పైకి వచ్చును. బరువు అధికమైనను, తిరుగుడు మిక్కిలి తక్కువైనను, నూనె మితిమీరి వేడెక్కినను ఆ మిట్టలు ఒండొంటిని పట్టుకొని చిరుగును. మెల్లగా అరిగినచో నునుపు. ఒక్కసారిగా చిరిగినచో గాయము.

టవర్ ప్రయోగమునకు రెండేండ్ల తరువాత, 1885లో, జర్మనీలోని కాన్‌స్టాట్ పట్టణమున గాట్లీబ్ డైమ్లర్, విల్హెల్మ్ మేబాక్ అనువారలు కొయ్యచట్రమునకు పెట్రోలు ఇంజను బిగించి తొలి మోటారుసైకిలును నడిపిరి. ఆ తరువాత కొన్ని దశాబ్దములవరకు బండ్లలో నూనెకు తిరుగుప్రయాణము లేదు. నూనె తొట్టినుండి చుక్కచుక్కగా ఇంజనులోనికి దిగి, పని చేసి, కొంత కాలిపోయి, కొంత కారిపోయెడిది. ట్యాంకు ప్రక్కనుండు చేతిపంపును కొన్ని మైళ్ళకొకమారు నొక్కి నూనె పంపవలసిన భారము నడుపువానిదే. మిట్ట ఎక్కునపుడు మరియొక నొక్కు నొక్కవలెను. వెనుక నీలిపొగ మిక్కుటముగా వచ్చినచో చేయి వెనుకకు తీయవలెను. పొగ లేనేలేకున్నచో భయపడవలెను. కొత్త ఇంజనునకు నూనె ధారాళముగా నిచ్చి, దాని వేడిని చేతితో, చెవితో కనిపెట్టుచు, వారములపాటు మచ్చిక చేసికొనెడివారు. ఆ యుగమున ఆయిలు మార్చుట అను మాటయే లేదు. పోసిన నూనె తిరిగి రాదు గనుక, అరిగిన లోహపుపొడి దానితోడనే దారిపాలయ్యెడిది.

ఆనాటి నూనెలలో మనకు చుట్టరికము గలది ఒకటి యున్నది. పాలమూరు, నల్లగొండ సీమల చల్కా నేలలయందు విరివిగా పండు ఆముదము పందెపు ఇంజనులకును, విమానములకును ప్రీతిపాత్రమైన తైలము. వేడిమిలో సైతము లోహమును వీడక అంటిపెట్టుకొనుట దాని గుణము. కాలక్రమమున బంకకట్టి రింగుల గాళ్ళను పూడ్చివేయుట దాని దోషము. 1909లో ఛార్లెస్ వేక్‌ఫీల్డ్ సంస్థ ఖనిజతైలమునకు ఆముదమును చేర్చి క్యాస్ట్రాల్ అను పేర విక్రయింపసాగినది. నూనెను మాటిమాటికి కొత్తగా పోయు పద్ధతిలో ఆ బంక దోషము ఎట్లో చెల్లిపోయెను. ఒకే నూనె ఇంజనులో తిరుగాడు కాలము వచ్చిన తరువాత సామాన్యపు బండ్లలో ఆముదమునకు తావు లేకపోయెను.

ఆ కాలము మెల్లగా వచ్చినది. 1923లో మాక్స్ ఫ్రిట్జ్ రూపకల్పనలో వెలువడిన బి.ఎం.డబ్ల్యు. ఆర్ 32 బండిలో ఇంజను అడుగునున్న నూనెను పంపు పైకి తోడి, బేరింగులకందించి, మరల అడుగునకే చేర్చెడిది. హార్లీ డేవిడ్‌సన్‌వారు 1936 నాటి కొత్త ఇంజనుతో ఈ పద్ధతికి మారిరి. చేతిపంపు పోయినది, నీలిపొగ తగ్గినది, నడుపువానికి ఊరట కలిగినది. కాని నూనె మరల మరల తిరుగుటతో, అది మోసికొనివచ్చు లోహపుపొడియు, మసియు తిరుగసాగినవి. నూనె తిరిగి వచ్చిన నాడే దానిని మార్చవలసిన అక్కరయు పుట్టినది. ఆ 1923లోనే అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ మోటారుకార్లకు ఆయిలు ఫిల్టరును కల్పించుట ఈ అక్కరకు ప్రత్యక్ష సాక్ష్యము.

రెండు ప్రపంచయుద్ధముల నడిమి కాలమునను, తదనంతరమునను ఇంగ్లండులో కొత్త వాహనములకు ఈ సంస్కారము ఒక ఆచారముగనే సాగినది. వాహనముతో వచ్చు పుస్తకమునందు ఏ గేరులో ఎంత వేగము మించరాదో మైళ్ళవారీగా అచ్చువేసెడివారు. కారు వెనుక అద్దమునకు, ఇంజను రన్నింగు ఇన్‌లో నున్నది, దయచేసి దాటి పొండని అట్ట వ్రేలాడదీసికొని రాజమార్గమున నెమ్మదిగా పోవువారు ఎందరో కానవచ్చెడివారు. మిట్టలమధ్య మెత్తని పొర నిలుచుటకై నూనెలో గ్రాఫైటు చూర్ణము గల ద్రావకములను కలుపుటయు పరిపాటియే.

ఈ ఆచారమే మనకు మద్రాసు మీదుగా వచ్చినది. 1955లో రెడిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థయు, మద్రాసు మోటార్సువారును కలిసి నెలకొల్పిన ఎన్‌ఫీల్డు ఇండియా, తిరువొత్తియూరులో బుల్లెట్టును రూపొందింపసాగినది. ఆ పాత బుల్లెట్టు పోతఇనుప సిలిండరు గలది. దాని ఇంజను నూనె క్రాంకుకేసులోనే కల్పించిన ఒక అరలో నుండును. గేరుబాక్సునకు వేరు నూనె, క్లచ్చియు ప్రైమరీ చెయినును ఉండు డొప్పకు వేరు నూనె. ఒకచోట అరిగిన పొడి మరియొకచోటికి పోదు. బుల్లెట్టు మెకానిక్కులు కొత్త ఇంజనును, బోరు కొట్టించిన ఇంజనును ఒకే తీరున చూచెడివారు. కొత్త పిస్టను వేసిన బండిని కొన్నాళ్ళపాటు జంటసవారీకి పంపుటకైనను వెనుదీసెడివారు. ఇనుపగోడయు, అల్యూమినియము పిస్టనును వేడికి సమానముగా వ్యాకోచింపవు. తొందరపడినచో పిస్టను ఉబ్బి గోడను పట్టుకొని, బండి నడిదారిలో బిగిసి నిలుచును.

1969లో హోండా సంస్థ సి.బి. 750ను వెలువరించుటతో దూరప్రయాణపు బండి స్వరూపమే మారినది. నాలుగు సిలిండర్ల ఆ ఇంజనులో క్రాంకునకును, గేర్లకును, క్లచ్చికిని నూనె ఒక్కటియే. 1974లో కొలోను ప్రదర్శనలో అదే సంస్థ చూపిన గోల్డ్ వింగ్ సుదూరయాత్రకే ప్రత్యేకించిన బండ్లకు మార్గదర్శి యైనది. 2016లో మన రోడ్లకెక్కిన 411 సి.సి. హిమాలయన్ వరకు నేడు విరివిగా కానవచ్చు టూరింగు బండ్లలో ఈ ఏకతైల పద్ధతియే అధికము. దీని ఫలమును చక్కగా గ్రహింపవలెను. గేరు పండ్ల కొనలనుండి రాలు ఉక్కురవ్వలును, క్లచ్చి పలకల మట్టియు, రింగులు గీకిన ఇనుపపొడియు ఇప్పుడు ఒకే నూనెలో చేరుచున్నవి. పాత బుల్లెట్టులో మూడు గదులలో విడివిడిగా నుండిన మలినము కొత్త బండిలో ఒక గదిలో నున్నది గనుక, తొలి నూనెను వేళకు దింపవలసిన అవసరము మునుపటికంటె హెచ్చినదేకాని తగ్గలేదు. కార్లకు పోయు నూనెలలోని జారుడు ద్రవ్యములు క్లచ్చిని జారజేయునను కారణముచేతనే 1998లో జపానువారు మోటారుసైకిలు నూనెలకు జాసో ఎం.ఎ. అను ప్రత్యేక ప్రమాణమును ఏర్పరచిరి. డబ్బాపై ఆ అక్షరములను చూచికొనుట ప్రతి యజమానికిని విధి.

మరియొకవంక కర్మాగారపు పనితనము విశేషముగా పెరిగినది. సిలిండరు గోడపై నేడు సానరాళ్ళతో ఏటవాలుగా, ఒండొంటిని ఖండించునట్లు సన్నని గీతలు గీయుదురు. నూనె ఆ గీతలలో నిలుచును, మిట్టలు ముందే కొంత చదునగును. 1967లో జర్మనీలోని మాలె సంస్థ నికెలు, సిలికాను కార్బైడు కలిసిన నికాసిల్ పూతను కల్పించుటతో అల్యూమినియము గోడకు అరుగని చర్మము దొరకినది. అందుచేత పూర్వము వేల మైళ్ళు పట్టిన ఒదుగుబాటులో పెద్దభాగము ఇప్పుడు కొన్ని వందల కిలోమీటర్లలోనే ముగియుచున్నది. అతి నెమ్మదితనము ప్రమాదకరమని నేటి నిపుణులు చెప్పుటకును ఈ గీతలే కారణము. ఒకే మందగతిన, బరువు లేకుండ నడిపినచో వాయువు రింగును గోడకు తగినంత అదిమిపెట్టదు. నూనె మాడి గీతలలో గాజువలె పేరుకొనును. పిదప ఆ ఇంజను జీవితాంతము నూనె త్రాగును.

కావున మధ్యేమార్గమే శరణ్యము. హైదరాబాదు యాత్రికుడు కొత్త బండిని నాగపురము వైపు నాలుగువరుసల రహదారిపై ఒకే వేగమున గంటలకొలది తోలుటకంటె, మన్ననూరు మీదుగా నల్లమల మలుపులలో శ్రీశైలమునకు, గేరులు మార్చుచు, త్రాటిలును ఒకమారు తెరచి ఒకమారు మూయుచు, తయారీదారు చెప్పిన తిరుగుడు మితిని దాటక పోయివచ్చుట మేలు. ఇంజను వేడెక్కకముందు ఉఱికింపరాదు. పై గేరులో మూలుగునట్లు మిట్ట ఎక్కింపరాదు. కొత్త టైరులును, బ్రేకు ప్యాడులును సైతము ఈ దినములలోనే పదునుపడును గనుక, మొదటి మలుపులయందు బండిని మిక్కిలి వాల్చరాదు.

తొలి నూనె దింపునప్పుడు దగ్గర నిలిచి చూచినవానికి ఇదంతయు కన్నులకు కట్టును. ఇంజను గోరువెచ్చగా నుండగా మెకానిక్కు డ్రెయిన్ బోల్టు విప్పును. పళ్ళెములో పడిన నూనెను ఎండకు వాల్చి చూచినచో వెండిపొడి కలిపినట్లు మిలమిల మెరయును. అయస్కాంతము గల బోల్టైనచో దాని కొనకు నల్లని నూగు వలె ఉక్కురజము పట్టియుండును. వ్రేలితో నలిపినచో మెత్తగా నున్నంతవరకు అది సహజము. గోరునకు తగులు ముక్కలున్నచో ప్రశ్నింపవలెను. గంట్లు పెట్టించిన తిరగలిలో మొదట విసరిన పిండిని రాతిపొడి కలియునని మన గృహిణులు పారబోయుదురు. ఈ నూనెను దింపివేయుటయు ఆ న్యాయమే. దానితో ఫిల్టరును, బోల్టు క్రింది వాషరును కూడ మార్పింపవలెను. ఆ రజమును మరి కొన్నివేల కిలోమీటర్లు బేరింగుల నడుమ త్రిప్పుట ఆదా కాదు, నష్టమును కొనితెచ్చుకొనుట.

యంత్రమునకు తుదిమెరుగు పెట్టు పనిలో కర్మాగారము తన భాగమును తరతరముగా పెంచుకొనుచునే వచ్చినది. నడుపువాని భాగము అంతకంతకు తగ్గినది. తగ్గినదేకాని తీరలేదు. రామ్స్‌బాటమ్ రింగు నేటికిని తన గోడను తానే వెదకికొనుచున్నది. టవర్ కనుగొన్న పొర నేటికిని అంతే పలుచగా నున్నది. ఆ కొన్ని వందల కిలోమీటర్లు ఓపికపట్టి, తొలి నూనెను తన కన్నులయెదుట వేళకు దింపించినవాడే తన ఇంజను నిర్మాణమున కట్టకడపటి పనివాడు.