లెక్కకెక్కని రోగి

క్షయవ్యాధి చరిత్ర అనగానే మనవారు 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోఖ్ చేసిన ప్రకటనతో మొదలుపెట్టి, స్ట్రెప్టోమైసిన్ విజయంతో ముగిస్తారు. అది మందుల చరిత్ర. దాని పక్కన మరొక చరిత్ర ఉంది. ఎవరిని లెక్కపెట్టారు, ఎవరిని లెక్కపెట్టలేదు అనేది దాని విషయం. మందులకు లొంగని క్షయతో తీసుకునే పసిపిల్లల సంగతి ఈ రెండవ చరిత్రకు చెందినది. 2010లో ప్రపంచం మొత్తంమీద సుమారు పదిలక్షలమంది పిల్లలకు క్షయ వచ్చిందనీ, వారిలో దాదాపు 32,000 మందిది ఐసోనియజిడ్, రిఫాంపిసిన్ అనే రెండు ముఖ్యమైన మందులకూ లొంగని రకమనీ పరిశోధకులు 2014లో అంచనా కట్టారు. పిల్లల క్షయకు ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వార్షిక నివేదికలో ఒక అంచనా అంటూ ఇవ్వడమే 2012లో మొదలయింది. కోఖ్ ప్రకటనకు అప్పటికి నూటముప్పై ఏళ్ళు నిండాయి.

ఇంత ఆలస్యానికి కారణం ఏమిటి? క్షయను గుర్తించే పద్ధతి అంతా కళ్ళె పరీక్షమీద నిలబడింది. కళ్ళెలో క్రిములు కనబడినవాడే రోగి. వాని పేరే రిజిస్టరులో ముందు. మూడేళ్ళ బిడ్డ కళ్ళె ఉమ్మలేదు, మింగుతుంది. తెల్లవారుజామున పరగడుపున గొట్టం వేసి కడుపులోనుంచి ద్రవం తీసినా, పిల్లల జబ్బులో క్రిములు కొద్దిగానే ఉంటాయి కనుక చాలాసార్లు ఏమీ దొరకదు. పైగా ఇట్టి బిడ్డ ఇతరులకు రోగం అంటించడం అరుదు. అంటువ్యాధి గొలుసు తెంచడమే లక్ష్యంగా పెట్టుకున్న పథకంలో, ఎవరికీ అంటించని రోగికి స్థానం ఎక్కడ? ఇది క్రూరత్వం కాదు, లెక్కల పద్ధతి. క్రూరత్వమైతే ఎదిరించడం సులభం.

ఇప్పుడు లండన్‌కు పోదాం. అల్బర్ట్ షాట్స్ అనే విద్యార్థి 1943లో అమెరికాలోని రట్జర్స్‌లో, వాక్స్‌మన్ ప్రయోగశాలలో, స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నాడు. (1952 నోబెల్ బహుమానం మాత్రం ప్రొఫెసరుగారికొక్కరికే దక్కింది. అది వేరే కథ; అయినా విద్యార్థులు తెలుసుకోదగినది.) యుద్ధంతో చితికిన బ్రిటన్ వద్ద ఈ మందు కొనడానికి డాలర్లు లేవు. ఉన్న కొద్ది మందునూ న్యాయంగా పంచే మార్గమని చెప్పి, 1947లో అక్కడి వైద్య పరిశోధక మండలి 107 మందిని చీట్లు తీసినట్లు రెండుగా విభజించింది. 55 మందికి మందు, 52 మందికి కేవలం మంచంమీద విశ్రాంతి. వారి వయస్సు 15 మొదలు 30 వరకు. మెదడు పొరలకు క్షయ సోకిన పిల్లలకు ఆ రోజుల్లోనే ఈ మందు వేరుగా కేటాయించిన మాట నిజమే. కాని మందు గుణాన్ని నిర్ణయించిన ఈ పరీక్షలో పిల్లలు లేరు.

ఆరు నెలలకు విశ్రాంతి గుంపులో 14 మంది చనిపోగా, మందు తీసుకున్నవారిలో పోయినవారు నలుగురే. అయిదేళ్ళు గడిచాక చూస్తే అటు 35, ఇటు 32. విజయం అంతా ఎక్కడికి పోయింది? కోట్లాది క్రిములలో ఏ కొన్నో పుట్టుకతోనే ఈ మందుకు లొంగవు. ఒంటరి మందు మిగతావాటిని చంపి, ఈ కొన్నింటికి ఊపిరితిత్తి నంతటినీ ఖాళీచేసి అప్పగించింది. అందుకే తర్వాత పి.ఏ.ఎస్.ను, 1952 నుంచి ఐసోనియజిడ్‌ను జతచేశారు. రెండు మూడు మందులు ఏకకాలంలో వాడాలన్న సూత్రం అప్పుడు పుట్టింది.

పసిబిడ్డ విషయం ఇక్కడే తేలుతుంది. బిడ్డలో క్రిములు తక్కువ కనుక మొండిక్రిమి బిడ్డ శరీరంలో తయారుకావడం అరుదు. తండ్రి దగ్గులోనుంచో, నాయనమ్మ దగ్గులోనుంచో అది తయారైపోయే వస్తుంది. తండ్రికి సగం నెలకే మందు సరఫరా ఆగిపోయి ఉంటుంది. లేదా కూలి పోతుందని ఆయనే మానుకొని ఉంటాడు. లేదా పనిచెయ్యని మందులనే వైద్యుడు మళ్ళీ వ్రాసి ఉంటాడు. ఆ లోపాల మొత్తం బిడ్డకు వారసత్వంగా దక్కుతుంది.

మన ప్రగతివాదులలో ఒక వాదం తరచు వినిపిస్తుంది: క్షయ పేదరికం జబ్బు, పేదరికం పోనిదే క్షయ పోదు, మందులు పైపూతలు. ఇందుకు ఆధారంగా ఇంగ్లాండులో మందులు రాకముందే క్షయ మరణాలు బాగా తగ్గాయన్న మెక్కియోన్ వాదాన్ని చూపుతారు. అందులో సత్యం లేకపోలేదు. 2023లో వెలువడిన జార్ఖండ్ పరిశీలనలో, రోగుల కుటుంబాలకు తిండిగింజలు, పప్పు ఇచ్చినచోట ఇంట్లోవారికి కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. కాని ఈ వాదాన్ని చివరివరకు లాగితే, జబ్బుపడిన బిడ్డను విప్లవందాకా ఆగమని చెప్పినట్లవుతుంది. దీనికి సమాధానం మద్రాసు ఏనాడో ఇచ్చింది. అప్పటివరకు చికిత్స అంటే శానిటోరియమే. 1915లో మదనపల్లె దగ్గర వెలసిన ఆరోగ్యవరం మనకు తెలిసినదే. 1956లో మద్రాసులో స్థాపించిన క్షయ చికిత్సా కేంద్రం, 193 మంది పేద రోగులను తీసుకొని కొందరిని శానిటోరియంలోను, కొందరిని వారి ఇరుకు ఇళ్ళలోను ఉంచి, ఏడాదిపాటు ఒకే మందులిచ్చింది. 1959లో ఫలితం ప్రకటించారు. చాలని తిండితో, గాలిలేని గదులలో ఉన్నవారు కూడా శానిటోరియం వారితో దాదాపు సమానంగా కోలుకున్నారు. తిండి జబ్బును అడ్డగిస్తుంది. పట్టుకున్న జబ్బును కుదిర్చేది మందు. ఈ రెంటిలో ఒకటి ఎంచుకోమనే హక్కు ఎవరికీ లేదు.

ఎంచుకోమన్నవారు ఉన్నారు. 1990ల పెరూ దేశం ఇందుకు సాక్ష్యం. 1990లో ఫుజిమోరి ప్రభుత్వం ఒక్కసారిగా ధరలమీది అదుపు ఎత్తివేసి పేదల బ్రతుకును అతలాకుతలం చేసింది. ఆ దేశపు క్షయ నివారణ పథకాన్ని మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆదర్శమని మెచ్చుకొంది. ఆ పథకంలో లోపం ఒకటే: మందులకు లొంగని రోగికి కూడా అవే మందులు మళ్ళీ ఇవ్వడం. దానివల్ల క్రిమి ఒక్కొక్క మందునే జయిస్తూ పోయింది. లీమా నగరపు ఉత్తరపు అంచున, కొండలనుంచి వలసవచ్చినవారి కరబాయ్యో పేటలో పనిచేస్తున్న అమెరికన్ ఫాదరీ జాక్ రూసన్ 1995లో ఈ మొండి క్షయతోనే మరణించాడు. ఆయన మిత్రులైన వైద్యులు పాల్ ఫార్మర్, జిమ్ యాంగ్ కిమ్ వెతకగా ఇట్టి రోగులు ఇంకా చాలామంది బయటపడ్డారు. మొండి క్షయకు చికిత్స పేదదేశాలకు గిట్టదని నాటి నిపుణుల మాట. ఆ మందులలో చాలావాటికి పేటెంటు గడువు ఏనాడో తీరింది. కొనేవారు తక్కువ కనుక ధర ఎక్కువ, ధర ఎక్కువ కనుక కొనేవారు తక్కువ. 2000 నుంచి దేశాల అవసరాలను కలిపి ఒక్కటిగా కొనుగోలు చేసేసరికి ఆ ధరలు ఎంతగానో పడిపోయాయి.

లీమా ప్రయత్నానికి తొలి పెట్టుబడి బోస్టన్ కట్టడాల కంట్రాక్టరు టామ్ వైట్ ఇచ్చిన విరాళం. మన పాఠకులలో కొందరు దీనికి పెదవి విరుస్తారని తెలుసు. అయితే ప్రతిరోజూ ఇంటింటికి వెళ్ళి మాత్ర మింగించినవారు ఆ పేటవాసులే. మొండి క్షయ ఉన్న 38 మంది పిల్లల ఫలితాలను 2006లో ప్రచురించారు. వారిలో దాదాపు సగంమంది పోషణ లేక, రక్తం లేక ఉన్నవారు. నెలల తరబడి సాగిన చికిత్స చివర 36 మందికి నయమయింది. ఒక బిడ్డ మరణించింది, ఒకరు మధ్యలో మానుకున్నారు. గిట్టదన్న చికిత్స పెద్దలకంటె పిల్లలకే బాగా పనిచేసింది. క్రిములు తక్కువగా ఉండడం వారిని రిజిస్టరు కెక్కనివ్వలేదు. అదే వారిని బ్రతికించింది.

ఇంత తెలిసిన తర్వాత కూడా పిల్లలకు తగిన మందు సులభంగా రాలేదు. 2010 దాకా పిల్లలకు ఐసోనియజిడ్ మోతాదే తక్కువగా సిఫారసు చేసేవారు. మామూలు క్షయకు నీళ్ళలో కరిగే సరైన మోతాదు మాత్ర వచ్చింది 2015 చివరలో. అంతవరకు తల్లులు పెద్దల మాత్రను విరిచి, నూరి, చేదు పోవడానికి ఏదో ఒకటి కలిపి తాగించారు. మొండి క్షయకు వాడిన కానమైసిన్ వంటి ఇంజక్షన్లు వినికిడిని హరిస్తాయి. మాటలు నేర్చే వయస్సులో చెవులు పోతే మాట కూడా పోతుంది.

ఇంజక్షన్ల అవసరం తప్పించిన బెడాక్విలిన్‌కు అమెరికా 2012లో ఆమోదం ఇచ్చింది, పెద్దలకు. చిన్నపిల్లలందరికీ వాడవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్నది 2022లో. ఆ మందుమీద జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ తన గుత్తాధిపత్యాన్ని పొడిగించుకోజూడగా, క్షయ ఇంజక్షన్లవల్ల వినికిడి కోల్పోయిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమెజా టిసిలే భారత పేటెంటు కార్యాలయంలో అభ్యంతరం దాఖలు చేశారు. 2023 మార్చిలో కంపెనీ దరఖాస్తు త్రోసివేయబడింది. పిల్లల మాత్రమీద పెట్టిన మరో దరఖాస్తుకు 2024లో అదే గతి పట్టింది.

అదే 2024లో దక్షిణాఫ్రికా ప్రయోగ ఫలితం ఒకటి వెలువడింది. మొండి క్షయ ఉన్న పెద్దల ఇంట్లోని పిల్లలకు, వారిలో అత్యధికులు అయిదేళ్ళలోపువారే, జబ్బు రాకముందే లెవోఫ్లోక్సాసిన్ ఇచ్చి చూశారు. ఉత్తమాత్ర తీసుకున్నవారిలో 2.6 శాతానికి క్షయ రాగా, మందు తీసుకున్నవారిలో 1.1 శాతానికి వచ్చింది. వియత్నాంలోని మరో ప్రయోగాన్ని కూడా కలిపి చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని సిఫారసు చేసింది. లెవోఫ్లోక్సాసిన్ కొత్త మందు కాదు. 1990లనుంచి మందుల దుకాణాలలో ఉన్నదే.